ప్రమాదం ఆడవాళ్లకేనా?

ఇటలీలో తయారైన బుల్లి మోటార్‌సైకిల్ అది. ఒకే సిలిండర్, 50 సీసీ ఇంజన్. దానిమీద కూర్చుని 1962లో ప్రపంచంలోకెల్లా కష్టమైన రేసును పూర్తిచేసింది లండన్ యువతి బెరిల్ స్వెయిన్. శభాష్ అనాల్సిన పెద్దలు ఆమె లైసెన్సునే రద్దు చేశారు!

'బండి నేర్చుకుంటా' అని ఆడపిల్ల నోరు తెరిస్తే చాలు, ఇంట్లో ముందుగా వినిపించే మాట... 'పడితేనో?' అదే అన్నయ్యో తమ్ముడో అడిగితే 'జాగ్రత్తగా నడుపు' అంటారు. రోడ్డు ఒక్కటే. బండి ఒక్కటే. గుంతలూ అవే. కింద పడితే మోకాలు చిట్లడంలో ఆడా మగా తేడా ఏమీ ఉండదు. అయినా ఒకరికి జాగ్రత్తలు చెబుతారు, ఇంకొకరికి తాళాలు దాచేస్తారు. ఎందుకని?

ఇదంతా మన ఇళ్లలోనే అనుకునేరు! మోటార్‌సైకిల్ రేసులకు పుట్టినిల్లులాంటి బ్రిటన్‌లోనూ 60 ఏళ్ల కిందట అచ్చం ఇలాగే జరిగింది. కాకపోతే అక్కడ తాళాలు దాచింది అమ్మానాన్నలు కాదు, ప్రపంచ రేసులను శాసించే పెద్దమనుషులు. ఆ కథ బెరిల్ స్వెయిన్‌ది. ఆమెను రేసు దాకా మోసుకెళ్లింది ఇటలీలోని ట్యూరిన్ నగరంలో తయారైన 'ఇటోమ్' అనే బండి.

కుక్కపిల్లతో మొదలు

ఇటోమ్ సంగతి తెలియాలంటే రెండో ప్రపంచ యుద్ధం నాటికి వెళ్లాలి. యుద్ధం ముగిసేసరికి ఇటలీ చితికిపోయి ఉంది. ఫ్యాక్టరీలు బాంబులకు కూలిపోయాయి. కారు కొనే తాహతు జనానికి లేదు. పెట్రోలుకు కటకట. అలాగని పనులకు వెళ్లకుండా కుదురుతుందా? అప్పుడు పుట్టుకొచ్చాయి, సైకిలుకు తగిలించుకునే చిన్న చిన్న ఇంజన్లు.

బొలోన్యా నగరంలో రేడియోలు తయారుచేసే డుకాటీ ఫ్యాక్టరీ 1944లో బాంబు దాడిలో ధ్వంసమైంది. యుద్ధం తరువాత ఆ కంపెనీని నిలబెట్టింది 'కూచొలో' అనే 48 సీసీ సైకిల్ ఇంజన్. ఆ మాటకు ఇటాలియన్‌లో కుక్కపిల్ల అని అర్థం. సైలెన్సర్ చప్పుడు కుక్కపిల్ల అరుపులా ఉండటంతో ఆ ముద్దుపేరు వచ్చింది. ఇవాళ లక్షలు పోసి కొనే డుకాటీ బైకులన్నింటికీ ముత్తవ్వ ఈ కుక్కపిల్లే! ట్యూరిన్‌లోని ఇటోమ్ కంపెనీ కూడా ఇలాగే సైకిల్ ఇంజన్లతో మొదలై మెల్లమెల్లగా మోటార్‌సైకిళ్లలోకి వచ్చింది.

కడుపు నిండాక సరదాలు మొదలవుతాయి కదా. 1950ల్లో ఇటలీ అంతా రేసుల పిచ్చి పట్టుకుంది. ఉత్తరాన మిలాన్ నుంచి దక్షిణాన సముద్రతీరంలోని టారంటో దాకా మామూలు రోడ్లమీదే పందేలు జరిగేవి. కంపెనీలు పోటీలు పడి ఒంటి సిలిండర్ స్పోర్ట్స్ బళ్లు తయారుచేశాయి. డుకాటీ ఇంజనీరు ఫాబియో తాల్యోని రూపొందించిన 100 సీసీ 'మరియానా' 1955లో ఇటలీ చుట్టూ తిరిగే రేసులో తన తరగతిలో గెలిచి కంపెనీకి పేరు తెచ్చింది. 1957లో మిల్లె మిల్యా కార్ల రేసులో ఘోర ప్రమాదం జరిగి ప్రేక్షకులు కూడా చనిపోవడంతో రోడ్డు రేసులు ఆగిపోయాయి. కానీ కుర్రకారుకు ఆ మోజు పోలేదు. పొడవాటి ట్యాంకు, కిందికి వంచిన హ్యాండిల్, వెనక చిన్న మూపురమున్న సీటు... రేసు బండి వేషం 50 సీసీ బళ్లకూ వచ్చేసింది. ఇటోమ్ స్పోర్ట్స్ బళ్లు ఆ కోవలోవే.

మూడు చెంచాలంత చోటు

ఇంతకీ 50 సీసీ అంటే ఎంతో తెలుసా? 50 మిల్లీలీటర్లు. వంటింట్లోని టేబుల్ స్పూనుతో మూడుసార్లు నూనె కొలిచి పోస్తే ఇంచుమించు నిండిపోయేంత చోటు. పిస్టన్ పైకీ కిందికీ ఆడేది అంత జాగాలోనే. అక్కడే పెట్రోలు, గాలి కలిసి మండి, పిస్టన్‌ను తోసి, చక్రాన్ని తిప్పాలి.

ఇటోమ్‌ది టూ స్ట్రోక్ ఇంజన్. అంటే పిస్టన్ ఒకసారి పైకి, ఒకసారి కిందికి వెళ్లేలోపే ఒక పేలుడు. తెరిచి మూసే వాల్వులుండవు. సిలిండర్ గోడకు కిటికీల్లాంటి కంతలుంటాయి. వాటిని మూసేదీ తెరిచేదీ పిస్టనే. భాగాలు తక్కువ కాబట్టి ఖర్చు తక్కువ, బరువు తక్కువ. విప్పి బిగించడం కూడా తేలిక. ఒక్కటే తంటా... ఆయిల్ పెట్రోల్లోనే కలిపి పోయాలి. కలిపే పాళ్లు కాస్త తేడా వచ్చినా ప్లగ్గుకు మసి పట్టేస్తుంది. లూనా, టీవీఎస్ 50 నడిపిన అక్కయ్యలకు ఈ బాధ వేరే చెప్పాలా!

అన్నట్టు మన లూనాకూ ఇటలీకీ చుట్టరికముంది. 1972లో పుణెకు చెందిన కైనెటిక్ ఇంజనీరింగ్ తెచ్చిన లూనాకు మాతృక పియాజియో కంపెనీ వారి 'చావో' మోపెడ్. పేరు మన చెవికి అపశకునంలా వినిపించినా భయం లేదు. ఇటాలియన్‌లో ఆ మాటకు 'బాగున్నారా' అనీ, 'వెళ్లొస్తా' అనీ అర్థం. చీర కుచ్చిళ్లు సర్దుకుని లూనా మీద బడికి వెళ్లిన టీచరమ్మలు మన ఊళ్లలో ఎందరో! వాళ్లకు ఇంట్లో అనుమతి దొరకడానికి ఒక కారణం బండి చిన్నది కావడమే. 'సైకిల్లాంటిదేగా, పోనీలే' అనుకున్నారు ఇంట్లోవాళ్లు.

సరిగ్గా ఆ 'పోనీలే' దగ్గరే బెరిల్ కథ కూడా మొదలవుతుంది.

షెడ్డులోంచి ట్రాకు మీదికి

1950ల చివర్లో బ్రిటన్‌లో 50 సీసీ బళ్లకు ప్రత్యేకంగా రేసులు మొదలయ్యాయి. పెద్ద రేసుల్లో దిగాలంటే బోలెడు డబ్బుండాలి. ఇక్కడ ఆ అవసరం లేదు. ఇటలీ నుంచి వచ్చిన ఇటోమ్ ఒకటి కొని, ఇంటి వెనక కూర్చుని నాలుగు మెరుగులు దిద్దితే పోటీకి సిద్ధం. 1967లో 125 సీసీ ప్రపంచ ఛాంపియన్ అయిన బిల్ ఐవీ కూడా మొదట్లో ఇటోమ్ మీదే రేసుల్లో దిగాడు. డబ్బులేని కుర్రాళ్లకు అది బడిలాంటిది.

ఆ బడిలో చేరిన ఆడపిల్ల బెరిల్. 1936లో పుట్టింది. లండన్‌లోని వాల్తమ్‌స్టోలో ఆమె భర్తకు మోటార్‌సైకిళ్ల రిపేరు షెడ్డు ఉండేది. ఇంట్లోనే షెడ్డు వాతావరణం ఉంటే మనసు బళ్లమీదికి మళ్లకుండా ఉంటుందా? సెలవురోజుల్లో రేసులకు వెళ్లి చూడటంతో ఆగకుండా తనే బండెక్కింది. క్లబ్బులు పెట్టే 50 సీసీ రేసుల్లో మగవాళ్లతో కలిసి పోటీ పడింది.

తేలికపాటి మనిషి కావడం చిన్న బండిమీద ఆమెకు కలిసొచ్చింది. 50 సీసీ ఇంజన్‌కు ప్రతి కిలో బరువూ భారమే. ఎత్తు ఎక్కేటప్పుడు ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. పైగా ఈ బళ్లమీద కండబలంతో గెలిచేదేమీ లేదు. ఒక్కసారి వేగం తగ్గితే మళ్లీ పుంజుకోవడానికి చాలాసేపు పడుతుంది. అందుకని మలుపుల్లో బ్రేకు తక్కువగా, బుర్ర ఎక్కువగా వాడాలి. ఏ గేరు ఎక్కడ మార్చాలో చెవితోనే పసిగట్టాలి. ఈ విద్యకు మీసాలు అక్కర్లేదు కదా!

ద్వీపంలో పందెం

ఇంగ్లండుకు, ఐర్లండుకు మధ్య సముద్రంలో 'ఐల్ ఆఫ్ మాన్' అనే చిన్న ద్వీపం ఉంది. అక్కడ 1907 నుంచి 'టీటీ' అనే మోటార్‌సైకిల్ రేసులు జరుగుతున్నాయి. ఇది స్టేడియంలో జరిగే పందెం కాదు. జనం రోజూ తిరిగే రోడ్లనే మూసేసి రేసు పెడతారు. ఒక్క చుట్టు 37.73 మైళ్లు... అంటే దాదాపు 61 కిలోమీటర్లు. డగ్లస్ పట్నంలో మొదలై, పల్లెల మధ్యనుంచి, ఇళ్ల ప్రహరీగోడలను రాసుకుంటున్నట్టుగా వెళ్లి, స్నేఫెల్ కొండ ఎక్కి దిగాలి. మలుపులు 200కు పైనే. కింద ఎండ కాస్తుంటే కొండమీద పొగమంచు కమ్మేసి ఉండటం అక్కడ మామూలే. ఈ రోడ్లమీద 1911 నుంచి ఇప్పటివరకు రేసుల్లో, ప్రాక్టీసుల్లో కలిపి 250 మందికి పైగా రేసర్లు ప్రాణాలు కోల్పోయారు.

1962లో తొలిసారిగా 50 సీసీ బళ్లకు ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదలైంది. టీటీలోనూ ఆ తరగతిని చేర్చారు. రెండు చుట్లు, మొత్తం 121 కిలోమీటర్లు. దానికి దరఖాస్తు చేసింది బెరిల్. అప్పటికి ఆమెకు 26 ఏళ్లు. టీటీలో ఆడవాళ్లు అసలే లేరని కాదు. 1954లో జర్మనీకి చెందిన ఇంగే స్టోల్ సైడ్‌కార్ పందెంలో పాల్గొంది. అయితే అక్కడ హ్యాండిల్ పట్టుకున్నది ఆమె జంట రేసర్ జాక్ ద్రియాన్. పక్కన మరెవరూ లేకుండా ఒంటరిగా బండి నడిపి టీటీలో దిగిన మొట్టమొదటి మహిళ బెరిల్ స్వెయిన్.

ఎదురుగా ఉన్నవాళ్లు సామాన్యులేం కాదు. జపాన్ నుంచి హోండా, సుజుకీ సొంత జట్లతో వచ్చాయి. జర్మనీ నుంచి క్రైడ్లర్ వచ్చింది. వాళ్లవి రేసుకోసమే ప్రత్యేకంగా చేసిన బళ్లు. ఒక్కోదానికి ఎనిమిది గేర్లు, క్రైడ్లర్‌కైతే ఏకంగా 12 గేర్లు! ఇంజన్ అంత చిన్నది కాబట్టి ఎత్తుపల్లాలకు తగ్గట్టు గేర్లు మారుస్తూనే ఉండాలన్నమాట. సుజుకీ జట్టులోని ఎర్నెస్ట్ డెగ్నర్ అంతకు ముందు సంవత్సరమే తూర్పు జర్మనీనుంచి తప్పించుకుని వచ్చాడు. వస్తూ వస్తూ అక్కడి ఎంజడ్ కంపెనీ టూ స్ట్రోక్ రహస్యాలను కూడా వెంట తెచ్చాడు. అలాంటి హేమాహేమీల మధ్య, దుకాణంలో ఎవరైనా కొనుక్కోగలిగే రకం బండితో నిలబడింది బెరిల్.

టాప్ గేరు పోయినా...

మొదటి చుట్టు సాఫీగానే సాగింది. రెండో చుట్టులో గేర్‌బాక్సు మొరాయించింది. టాప్ గేరు పోయింది! బండి తెలిసినవాళ్లకు ఇదెంత చిక్కో అర్థమవుతుంది. కింది గేరులోనే వెళితే ఇంజన్ గొంతు చించుకుంటుందే తప్ప వేగం పెరగదు. కొండ దిగేటప్పుడు మరీ ఇబ్బంది. టూ స్ట్రోక్ బండికి ఆయిల్ అందేది పెట్రోలుతోపాటే కాబట్టి, వాలులో చక్రాలు తరుముతుంటే యాక్సిలరేటర్ పూర్తిగా మూసేయకూడదు. మూస్తే ఆయిల్ అందక పిస్టన్ పట్టేసే ప్రమాదముంది. తెరిచే ఉంచితే ఇంజన్ శ్రుతి మించుతుంది.

అయినా ఆమె దిగిపోలేదు. గంటకు సగటున 48.33 మైళ్ల వేగంతో, అంటే సుమారు 78 కిలోమీటర్లతో రేసు పూర్తిచేసింది. స్థానం 22. దాదాపు గంటా 34 నిమిషాలు పట్టింది. మొదటి స్థానంలో వచ్చిన డెగ్నర్‌కు పట్టింది గంటకు కాస్త పైన. టీటీలో సుజుకీకి అదే మొదటి గెలుపు. ఎనిమిది గేర్ల ఫ్యాక్టరీ బండికీ, టాప్ గేరు పోయిన ఇటోమ్‌కూ అరగంట తేడా ఉండటం వింతేమీ కాదు. పడకుండా, ఎవరినీ పడేయకుండా, దారిలో వదిలేయకుండా 121 కిలోమీటర్లు నడిపి గమ్యం చేరిందా లేదా? చేరింది.

బహుమానం... లైసెన్సు రద్దు!

మరుసటి ఏడాది మళ్లీ వద్దామనుకుంది బెరిల్. కానీ అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య ఆమె అంతర్జాతీయ లైసెన్సును రద్దు చేసింది. కారణం? ఆమె తప్పుగా నడిపిందని కాదు. నిబంధన మీరిందనీ కాదు. మోటార్‌సైకిల్ రేసు ఆడవాళ్లకు మరీ ప్రమాదకరమట! దీనికి తోడు రేసరుకు కనీసం ఇంత బరువుండాలన్న నిబంధన వచ్చింది. తేలికపాటి మనిషి అయిన బెరిల్ అక్కడా తూగలేదు.

బరువు సంగతే చూద్దాం. తేలికపాటివాళ్లకు చిన్న బండిమీద లాభముంటుంది, నిజమే. ఆ లాభం లేకుండా చేయాలనుకుంటే దారి లేకపోలేదు. గుర్రపు పందేల్లో జాకీ బరువు తక్కువైతే జీనుకు సీసం బిళ్లలు చేరుస్తారు. మనిషిని పోటీనుంచి తీసేయరు.

ఇక ప్రమాదం మాట. ప్రమాదం లేదని ఎవరూ అనరు. బెరిల్ రేసు జరిగిన ఆ వారంలోనే, అదే రోడ్లమీద, ఆస్ట్రేలియాకు చెందిన టామ్ ఫిలిస్ మరో రేసులో పడి చనిపోయాడు. అతను కొత్తవాడు కాదు, 1961లో 125 సీసీ ప్రపంచ ఛాంపియన్. అంతటివాడు పోయాడని మగవాళ్ల లైసెన్సులు రద్దు చేశారా? లేదు. వాళ్ల ప్రాణాలు వాళ్లిష్టం అనుకున్నారు. అంతకు ముందు 1958లో ఇంగే స్టోల్, జాక్ ద్రియాన్ ఇద్దరూ చెకోస్లొవేకియాలో జరిగిన రేసులో ఒకే ప్రమాదంలో కన్నుమూశారు. చావు ఆడా మగా చూడలేదు. చూసింది నిబంధనలు రాసినవాళ్లే.

ఇలా తలుపు మూయడం బెరిల్‌తోనే మొదలు కాలేదు. ఐర్లండుకు చెందిన ఫే టేలర్ 1920ల చివర్లో మట్టి ట్రాకుల మీద జరిగే స్పీడ్‌వే రేసుల్లో మగవాళ్లను ఓడించి పేరు తెచ్చుకుంది. 1930లో బ్రిటన్‌లో స్పీడ్‌వేలో మహిళలను నిషేధించారు. పోనీ ఆడవాళ్లకు యంత్రాలు తెలియవంటారా? బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజనీరమ్మ 1934లో ఒంటి సిలిండర్ నార్టన్ మీద బ్రూక్‌లాండ్స్ ట్రాకులో గంటకు 106 మైళ్లతో చుట్టు తిరిగి 'గోల్డ్ స్టార్' అందుకుంది. యుద్ధకాలంలో బ్రిటిష్ విమానాలు ముక్కు కిందికి వంచగానే ఇంజన్ ఆగిపోయే జబ్బుకు చిల్లున్న చిన్న లోహపు బిళ్లతో మందు కనిపెట్టింది కూడా ఆమే. ప్రాణాలు నిలబెట్టే పనికి పనికొచ్చినవాళ్లు తమ ప్రాణం సంగతి తాము చూసుకోలేరా?

తలుపు తెరిచేసరికి...

టీటీలో ఒంటరిగా బండి నడిపే మహిళ మళ్లీ కనిపించింది 1978లో. ఆమె హిల్లరీ మసన్. మధ్యలో గడిచినవి 16 ఏళ్లు! ఈలోగా ఏం జరిగిందో చూడండి. ఇటోమ్ కంపెనీ మూతపడింది. 1968తో టీటీలో 50 సీసీ రేసు ఆగిపోయింది. 1976 తరువాత టీటీకి ప్రపంచ ఛాంపియన్‌షిప్ హోదా కూడా పోయింది. బెరిల్‌కు 42 ఏళ్లు వచ్చాయి. తలుపు తెరుచుకునేసరికి ఆమె నడిపిన బండి లేదు, ఆమె పోటీపడిన తరగతి లేదు, ఆ వయసూ లేదు. 'ఇప్పుడు వద్దులే, తరువాత చూద్దాం' అని మనం ఆడపిల్లలకు చెప్పే మాటల వెనక పోయేది సరిగ్గా ఇదే. అవకాశాలు మనకోసం అక్కడే కూర్చుని ఉండవు.

తరువాత వచ్చినవాళ్లు వెనుదిరిగి చూడలేదు. 2004లో మరియా కోస్టెల్లో అదే కొండదారిలో గంటకు 114 మైళ్లు దాటింది. 2010లో జెన్నీ టిన్మత్ 119.9 మైళ్లు, అంటే 193 కిలోమీటర్ల సగటు వేగంతో చుట్టు పూర్తిచేసింది. స్పెయిన్ అమ్మాయి ఆనా కరాస్కో 2018లో 300 సీసీ సూపర్‌స్పోర్ట్ తరగతిలో మగవాళ్లందరినీ దాటి ప్రపంచ ఛాంపియన్ అయింది. సోలో రోడ్ రేసింగ్‌లో ఓ మహిళకు ప్రపంచ టైటిల్ రావడం అదే మొదటిసారి.

ఇంకో విశేషం. మహిళలకే ప్రత్యేకంగా సర్క్యూట్ రేసింగ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ 2024లో మొదలైంది. పెట్టింది ఎవరనుకున్నారు? బెరిల్ లైసెన్సు రద్దుచేసిన ఆ అంతర్జాతీయ సమాఖ్యే! తొలి పోటీ జరిగింది ఇటోమ్ పుట్టిన ఇటలీలోనే, మిసానో ట్రాకు మీద. ఆ ఏడాది టైటిల్ గెలిచింది మళ్లీ ఆనా కరాస్కోనే. ఇదంతా చూడటానికి బెరిల్ లేదు. 2007లో, 71 ఏళ్ల వయసులో కన్నుమూసింది.

మనింటి ఆడపిల్లలందరూ రేసుల్లోకి వెళ్లాలని కాదు ఈ కథ చెప్పింది. కాలేజీకి, ఆఫీసుకు, ఆసుపత్రికి ఒకరిమీద ఆధారపడకుండా వెళ్లగలిగితే అదే పదివేలు. ప్రమాదమంటే భయమా? భయపడాల్సిందే. అందుకు చేయాల్సిన పనులు చాలా ఉన్నాయి. మంచి హెల్మెట్ కొనివ్వండి. ఖాళీ మైదానంలో బ్రేకు వేయడం నేర్పించండి. చున్నీ, చీరకొంగు చక్రంలో పడకుండా దోపుకోవడం అలవాటు చేయండి. లైసెన్సు ఇప్పించండి. ఈ జాగ్రత్తలన్నీ అబ్బాయికి కూడా చెప్పండి. ఆ తరువాత తాళాలు ఇద్దరికీ అందేచోట తగిలించండి.